ఆంధ్ర తిలక్ గాడిచర్ల హరిసర్వోత్తమరావు

పాఠ్యభాగ నేపథ్యం

విద్యార్థులు రాజకీయ విషయాలపై విద్యాలయాలలో జరిగే నిరసనలలో పాల్గొనవచ్చునా, పాల్గొనరాదా అన్న చర్చ మన దేశంలో నూరేళ్ళకు పైబడినది. 1907లో రాజమహేంద్రవరం విద్యార్థులు ధరించిన ఒక చిన్న బ్యాడ్జీ ఈ ప్రశ్నను ఆంధ్రుల ముందు నిలబెట్టింది. ఆ సంఘటనలో కళాశాల నుండి బహిష్కృతులై, అనంతరం పత్రికాసంపాదకులుగా, గ్రంథాలయోద్యమ నాయకులుగా ప్రసిద్ధికెక్కిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు జీవితాన్ని ఈ పాఠం పరిచయం చేస్తుంది.

పాఠ్యభాగం

ఆంధ్రదేశంలో జాతీయభావానికి బీజావాపం చేసిన మహనీయులలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు అగ్రగణ్యులు. ఆంధ్రులలో తొలి రాజకీయ ఖైదీగా ఆయన ప్రసిద్ధులు. ప్రజలు ఆయనను అభిమానంతో ఆంధ్ర తిలక్ అని పిలుచుకొన్నారు. అయితే ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది చెరసాల కాదు, ఒక కళాశాల. చెరసాలకు పోవడానికి ఏడాది ముందే ఆయన తన భవిష్యత్తును పణంగా పెట్టవలసి వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు 23 సంవత్సరాలు. ఉపాధ్యాయుడు కావాలన్న కోరికతో శిక్షణ పొందుతున్న విద్యార్థి.

హరిసర్వోత్తమరావు 1883 సెప్టెంబరు 14న కర్నూలులో జన్మించారు. తల్లి భాగీరథీబాయి, తండ్రి వెంకటరావు. వారి పూర్వికులు కడప మండలంలోని సింహాద్రిపురానికి చెందినవారు. కుటుంబం పేదది. కర్నూలు, గుత్తి, నంద్యాలలలో ఆయన పాఠశాల విద్య సాగింది. ఉన్నత విద్యకు మద్రాసు వెళ్ళవలసిన రోజులవి. రాయలసీమ నుండి ఒక పేద బాలుడు మద్రాసు చేరి చదువుకొనడం మాటలతో అయ్యే పని కాదు. తెలివితేటలు సంపాదించిపెట్టిన విద్యార్థి వేతనమే ఆయనకు ఆధారమైంది. 1906లో ఆయన ఎం.ఏ. పట్టం పొందారు. ఆ కాలంలో తెలుగునాట ఎం.ఏ. చదివినవారు వేళ్ళమీద లెక్కింపదగినంతమందే. అటువంటి పట్టభద్రునికి ప్రభుత్వంలో మంచి ఉద్యోగం, సంఘంలో గౌరవం, ముసలితనంలో పింఛను ముందే రాసిపెట్టినట్లుండేవి. ఇల్లు గడవడమే కష్టమైన కుటుంబానికి ఆ కుమారుని చదువు కొండంత అండ.

ఉపాధ్యాయ వృత్తిని చేపట్టదలచి హరిసర్వోత్తమరావు రాజమహేంద్రవరంలోని ప్రభుత్వ శిక్షణ కళాశాలలో చేరారు. అప్పటికే ఆయనకు కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారితో పరిచయముంది. తెలుగులో చరిత్ర, విజ్ఞానశాస్త్ర గ్రంథాలను ప్రకటించాలన్న సంకల్పంతో లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించారు. ఆ మండలికోసం హరిసర్వోత్తమరావు అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ చరిత్రను తెలుగులో రచించారు. అది 1907లో వెలువడింది. పేద ఇంట పుట్టి, పుస్తకాలకోసం పరితపించి, బానిసత్వ నిర్మూలనకు పాటుపడిన ఒక మహాపురుషుని జీవితాన్ని ఆ పేద విద్యార్థి తన తొలి గ్రంథానికి ఇతివృత్తంగా ఎన్నుకొనడం గమనింపదగిన విషయం.

ఆనాటి దేశపరిస్థితిని కొంత తెలిసికొంటేగాని తరువాతి కథ బోధపడదు. 1905లో గవర్నరు జనరల్ కర్జన్ ప్రభువు వంగరాష్ట్రాన్ని రెండుగా చీల్చారు. అక్టోబరు 16న విభజన అమలులోకి వచ్చింది. వంగీయులు భగ్గుమన్నారు. విదేశీ వస్త్ర బహిష్కారం, స్వదేశీ వస్తువుల వాడకం ఊరూరా వ్యాపించాయి. బంకించంద్ర ఛటర్జీ ఆనందమఠం నవలలోని వందేమాతరం అన్న మాట జాతీయ నినాదమైంది. సభలకు తరలివచ్చినవారిలో విద్యార్థులే అధికులు. దీనితో ప్రభుత్వం కలవరపడింది. విద్యార్థులను రాజకీయ ఆందోళనలకు దూరంగా ఉంచని విద్యాలయాలకు సహాయం నిలిపివేస్తామని హెచ్చరిస్తూ 1905 అక్టోబరులో వంగ ప్రభుత్వ కార్యదర్శి కార్లైల్ పేరుతో ఒక ఉత్తరువు వెలువడింది. ఆ ఉత్తరువును ధిక్కరించిన విద్యార్థులకు విద్యాలయాల తలుపులు మూసుకొన్నాయి. అటువంటివారికోసమే దేశనాయకులు జాతీయ విద్యాసంస్థలను నెలకొల్పారు. 1906లో కలకత్తాలో ప్రారంభమైన జాతీయ కళాశాలకు అరవిందఘోష్ అధ్యక్షత వహించారు.

ఈ గాలి ఆంధ్రదేశానికి 1907 వేసవిలో వీచింది. మచిలీపట్నం కృష్ణాపత్రికకు చెందిన ముట్నూరి కృష్ణారావు పూనికతో వంగదేశపు వక్త బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించారు. విశాఖపట్నం, విజయనగరం, కాకినాడ, రాజమహేంద్రవరం, బెజవాడ, మచిలీపట్నాలలో ఆయన ఉపన్యసించారు. రాజమహేంద్రవరంలో ఏప్రిలు మాసంలో కొన్ని దినాలపాటు జరిగిన సభలకు జనం తండోపతండాలుగా వచ్చారు. కవి చిలకమర్తి లక్ష్మీనరసింహం పాల్ ఉపన్యాసాలను అప్పటికప్పుడు తెనిగించి వినిపించారు. స్వరాజ్యం మన జన్మసిద్ధమైన హక్కనీ, పరుల దయాధర్మంగా లభించేది కాదనీ పాల్ బోధించారు. ప్రభుత్వ విద్యాలయాలకు బదులుగా జాతీయ పాఠశాలలు నెలకొల్పుకోవాలన్నారు. వినేవారిలో రాజమహేంద్రవరం కళాశాలల విద్యార్థులు ముందువరుసలో ఉన్నారు. హరిసర్వోత్తమరావు వారిలో ఒకరు.

అప్పట్లో ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్ మార్క్ హంటర్. శిక్షణ కళాశాల కూడ ఆయన అధికారంలోనే ఉండేది. విద్యార్థులు వందేమాతరం అని ఒకరినొకరు పలకరించుకొనడం, ఆ అక్షరాలున్న బ్యాడ్జీలు ధరించి తరగతులకు రావడం ఆయనకు నచ్చలేదు. ఆయన వాదం ఆయనకుంది. కళాశాల ప్రభుత్వానిది. అందులో చదివేవారు చదువుమీద దృష్టి నిలపాలిగాని ప్రభుత్వాన్ని ఎదిరించే నినాదాలను తరగతి గదిలోకి తీసుకొనిరాకూడదు. ఒకసారి చూచీచూడనట్లు ఊరుకొంటే రేపు క్రమశిక్షణ మిగలదు. ఈ వాదంలో ఎంతోకొంత యథార్థం లేకపోలేదు. కాని తల్లికి నమస్కరిస్తున్నామనే మాట నేరం ఎట్లవుతుందని విద్యార్థులు తర్కించుకొన్నారు. ఆ బ్యాడ్జీ ఎవరినీ గాయపరచదు. ఏ తరగతినీ ఆటంకపరచదు. అది ధరించినవాని మనస్సులోని మాటను పైకి చెబుతుంది, అంతే. ఆ మాటను దాచుకొనమనడం మనస్సును అమ్ముకొనమనడమే అని వారు భావించారు.

బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం విడిచి వెళ్ళిన వెంటనే, ఏప్రిలు నెలాఖరులో, వివాదం ముదిరింది. బ్యాడ్జీలు తీసివేయవలసిందిగా ఆజ్ఞ అయింది. విద్యార్థులు తీయలేదు. శిక్షలు మొదలుకాగానే తోటివారు మూకుమ్మడిగా తరగతులు విడిచి బయటికి వచ్చారు. ఆంధ్రదేశంలో విద్యార్థులు రాజకీయ కారణంపై చేసిన తొలి సమ్మెలలో ఇది ఒకటి. హంటర్ వెనుకాడలేదు. పెద్దసంఖ్యలో విద్యార్థులను కళాశాల నుండి తొలగించారు. హరిసర్వోత్తమరావుకు విధించిన శిక్ష మరింత కఠినమైనది. ఆయనను శిక్షణ కళాశాల నుండి బహిష్కరించడమేగాక, ప్రభుత్వోద్యోగానికి అనర్హునిగా నిర్ణయించారు.

ఆ శిక్ష ఎంతటిదో నేటి విద్యార్థులు ఊహించి చూడాలి. ఎం.ఏ. పట్టం చేతిలో ఉంది. శిక్షణ ముగిస్తే ఉపాధ్యాయ పదవి ఖాయం. బ్యాడ్జీ తీసి జేబులో వేసుకొంటే చాలు, ఎవరూ ఆయనను వేలెత్తి చూపేవారు కారు. ఇంటి పరిస్థితి తెలిసిన పెద్దలెవరైనా ఆయనకు ఆ సలహానే ఇచ్చేవారు. ఏళ్ళ తరబడి చేసిన కృషి ఒక్కనాటితో గంగలో కలుస్తుందని ఆయన ఎరుగనివారు కారు. ఎరిగియుండియే బ్యాడ్జీని తీయలేదు. తొందరపాటుకూ సాహసానికీ భేదం ఇక్కడనే తెలుస్తుంది. తొందరపడినవానికి ఫలితం ముందు కనబడదు. సాహసవంతునికి ఫలితం కళ్ళకు కట్టినట్లు కనబడుతుంది. అయినా అతడు వెనుకకు తగ్గడు.

ఇక్కడ మరొక విషయం మరువరాదు. తొలగింపబడినవారందరూ హరిసర్వోత్తమరావు వంటివారు కారు. ఆయన అప్పటికే ఎం.ఏ. ముగించిన యువకుడు. తక్కినవారిలో ఇంకా పట్టమైనా చేతికి రానివారున్నారు. వారిలో చాలామంది పేర్లు చరిత్ర పుటలకెక్కలేదు. చదువు మధ్యలో ఆగిన ఇంట ఎటువంటి దుఃఖం నిండిందో వ్రాసినవారు లేరు. తొలగింపబడిన విద్యార్థులకోసం రాజమహేంద్రవరంలో జాతీయ పాఠశాల వెలసింది. ఆ స్ఫూర్తితోనే కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య ప్రభృతులు 1910లో మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. కళాశాల విడిచి రమ్మని పిలిచిన పెద్దలు, వచ్చినవారికి మరొక విద్యాలయం చూపవలసిన బాధ్యతను గుర్తించారన్నమాట. విద్యార్థులను ముందుకు తోసి తాము వెనుక నిలిచే నాయకులకు ఇది నేటికీ గుణపాఠం.

రాజమహేంద్రవరం సంఘటన జరిగిన కొలది దినాలకే కాకినాడలో మరొక సంఘటన జరిగింది. 1907 మే 31న వందేమాతరం అని పలికినందుకు ఒక బాలుని ఆ జిల్లా వైద్యాధికారి కెంప్ తీవ్రంగా కొట్టాడు. బాలుడు స్పృహ కోల్పోయాడు. పట్టణం అట్టుడికిపోయింది. ఆ రాత్రి జనసమూహం తెల్లదొరల క్లబ్బుపై దాడి చేసింది. ప్రజల ఆగ్రహానికి కారణం న్యాయమైనదే. కాని రాళ్ళు రువ్విన చేయి ఎవరిదో చీకటిలో తెలియదు. పోలీసులు ఎవరిని పట్టుకొన్నారో వారే శిక్షకు పాత్రులవుతారు. రాజమహేంద్రవరంలో విద్యార్థులు తమ రొమ్ములపై బ్యాడ్జీ ధరించి, పేరు దాచుకొనక, పగటివేళ అధికారి ఎదుట నిలిచారు. కాకినాడలో కోపం చీకటిలో రాయి విసరింది. ఒకే నెల వ్యవధిలో, ఒకే జిల్లాలో జరిగిన ఈ రెండు సంఘటనలను పక్కపక్కన నిలిపి చూస్తే నిరసనకూ విధ్వంసానికీ గల అంతరం సులభంగా గ్రహించవచ్చు.

ఈ దశలో దేశంలోని పెద్దలందరూ ఒకే అభిప్రాయంతో లేరు. 1907 మే మాసంలో భారత ప్రభుత్వం రిస్లీ పేరుతో మరొక ఉత్తరువు జారీచేసి, విద్యార్థులనూ ఉపాధ్యాయులనూ రాజకీయ ఆందోళనలకు దూరంగా ఉంచేందుకు దేశమంతటా కట్టుదిట్టాలు చేసింది. అది పాలకుల మాట కనుక జాతీయవాదులు దానిని లెక్కచేయలేదు. కాని గోపాలకృష్ణ గోఖలే వంటి దేశభక్తుడు సైతం 1909లో బొంబాయి విద్యార్థులనుద్దేశించి ప్రసంగిస్తూ, ప్రజావిషయాలను శ్రద్ధగా తెలుసుకొనడం విద్యార్థికి అవసరమేగాని, ఆందోళనలలో ప్రత్యక్షంగా దిగడం అతని అనుభవానికి మించిన పని అని హితవు చెప్పారు. ఉద్రేకం వివేకాన్ని మింగివేస్తుందని ఆయన భయం. దేశసేవకే జీవితాన్ని అంకితం చేసిన వ్యక్తి చెప్పిన మాట కనుక దానిని పిరికితనమని కొట్టిపారేయడానికి వీలులేదు.

ప్రభుత్వోద్యోగానికి తలుపులు మూసుకొనిపోయిన హరిసర్వోత్తమరావు పత్రికారచనను మార్గంగా ఎన్నుకొన్నారు. 1908లో బెజవాడ నుండి స్వరాజ్య అనే వారపత్రికను ప్రారంభించారు. ఆ ఏడాది మార్చిలో తమిళదేశంలో స్వదేశీ నౌకాసంస్థను నడుపుతున్న చిదంబరం పిళ్ళైనీ, ఆయన సహచరులనూ ప్రభుత్వం నిర్బంధించింది. తిరునల్వేలిలో ప్రజలు తిరగబడ్డారు. పోలీసు కాల్పులలో కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఈ దుర్మార్గాన్ని ఖండిస్తూ స్వరాజ్య పత్రికలో విపరీతబుద్ధి అనే శీర్షికతో వ్యాసం వెలువడింది. పరపాలనను క్రూరమృగంతో పోల్చిన ఆ వ్యాసాన్ని ప్రభుత్వం రాజద్రోహంగా పరిగణించింది. హరిసర్వోత్తమరావుకు మూడేళ్ళ కఠిన కారాగారశిక్ష పడింది. పత్రికను ప్రకటించిన బోడి నారాయణరావు కూడ శిక్షకు గురయ్యారు.

రాజకీయ ఖైదీలకు ప్రత్యేక సౌకర్యాలనే మాటే ఆనాడు లేదు. ఎం.ఏ. చదివిన సంపాదకుడు వేలూరు కారాగారంలో దొంగలు, హంతకుల నడుమ కఠిన జీవితం గడిపారు. విడుదలై బయటికి వచ్చిన తరువాత కూడ కష్టాలు తీరలేదు. రాజద్రోహ నేరంపై శిక్ష అనుభవించిన వానికి తలదాచుకొనే చోటు ఇవ్వడానికే జనం జంకే కాలమది. సభలలో చప్పట్లు కొట్టినవారు సైతం వీధిలో ఎదురైతే ముఖం చాటువేసే రోజులవి. నిరసన తెలిపిన నాడు వెంట వందలమంది ఉంటారు. మూల్యం చెల్లించే నాడు మనిషి ఒంటరి. ఈ సత్యాన్ని హరిసర్వోత్తమరావు అనుభవంలో తెలుసుకొన్నారు. అయినా ఎవరినీ నిందిస్తూ కూర్చోలేదు.

అటువంటి సమయంలో లక్ష్మణరావుగారు ఆయనకు అండగా నిలిచారు. విజ్ఞానచంద్రికా మండలి పనిలో హరిసర్వోత్తమరావు మళ్ళీ నిమగ్నులయ్యారు. కాశీనాథుని నాగేశ్వరరావు 1914లో మద్రాసు నుండి ఆంధ్రపత్రికను దినపత్రికగా వెలువరించనారంభించగా, కొంతకాలం దాని సంపాదకత్వ బాధ్యతలు నిర్వహించారు. స్త్రీల చైతన్యంకోసం సౌందర్యవల్లి అనే పత్రికను నడిపారు. 1916లో అనీబిసెంటు హోంరూల్ ఉద్యమం ఆరంభించినప్పుడు ఆంధ్రదేశంలో ఆ ఉద్యమ వ్యాప్తికి కృషి చేశారు. 1927లో నంద్యాల నుండి మద్రాసు శాసనమండలికి ఎన్నికయ్యారు. ఒకనాడు ప్రభుత్వోద్యోగానికి పనికిరాడని తేల్చిన వ్యక్తే, ప్రజల ప్రతినిధిగా ప్రభుత్వాన్ని ప్రశ్నించే స్థానంలో కూర్చున్నారు.

అయితే హరిసర్వోత్తమరావు జీవితంలో అన్నింటికన్న విలువైన అధ్యాయం రాజకీయాలకు సంబంధించినది కాదు. అది గ్రంథాలయోద్యమం. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఆనాటి గ్రంథాలయ మహాసభకు అధ్యక్షత వహించినది చిలకమర్తి లక్ష్మీనరసింహమే. రాజమహేంద్రవరంలో పాల్ ఉపన్యాసాలను తెనిగించిన గొంతు, ఏడేళ్ళ తరువాత పుస్తకం పక్షాన పలికింది. హరిసర్వోత్తమరావు ఈ ఉద్యమంలో చేరి, చాలాకాలం సంఘానికి అధ్యక్షులుగా దానిని నడిపించారు. పాతూరి నాగభూషణం వంటి కార్యదక్షులు ఆయనకు తోడయ్యారు. 1935లో గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి నుండి కొల్లూరు వరకు కాలువలో పడవ గ్రంథాలయం నడిచింది. రేవు రేవునా పుస్తకాలకోసం పల్లెజనం ఎదురుచూచేవారు. పుస్తకం దగ్గరికి పోలేనివాని దగ్గరకు పుస్తకమే వచ్చే ఏర్పాటు అది.

చదువురాని వానికి గ్రంథాలయం వలన ఏమి ప్రయోజనమన్న ప్రశ్న ఆయనను వేధించింది. ఆ వేదన నుండి వయోజన విద్యాప్రచారం పుట్టింది. పగలంతా పొలంలో, మగ్గం దగ్గర కష్టపడే పెద్దవారికి రాత్రివేళ అక్షరాలు నేర్పాలని ఆయన ఊరూరా ప్రబోధించారు. ఓటు వేయబోయే ప్రజలు చదువుకొన్నవారై ఉండాలనీ, స్వరాజ్యం వచ్చినా అజ్ఞానం పోకపోతే దొరలు మారుతారేగాని స్థితి మారదనీ ఆయన విశ్వాసం. ఉపాధ్యాయుడు కాకుండా ఏ ప్రభుత్వం అడ్డుపడిందో, ఆ ప్రభుత్వపు ఉత్తరువు ఆయనను ఒక పాఠశాల గోడల మధ్య నుండి తప్పించి, ఆంధ్రదేశమంతటికీ ఉపాధ్యాయుణ్ణి చేసింది. రాజమహేంద్రవరంలో ఆయన వదలుకొన్నది ఉద్యోగమే. బోధనను ఏనాడూ వదలలేదు.

రాజమహేంద్రవరంలో తలెత్తిన ప్రశ్న తరువాతి తరాలను కూడ వెంటాడింది. 1920లో గాంధీమహాత్ముడు ప్రభుత్వ విద్యాలయాలను విడిచి రమ్మని విద్యార్థులకు పిలుపునిచ్చినప్పుడు వేలాదిమంది స్పందించారు. 1938లో హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహాలలో వందేమాతరం గానాన్ని నిషేధించగా విద్యార్థులు సమ్మె చేశారు. వందలాదిమంది బహిష్కృతులయ్యారు. వారిలో అనేకులకు నాగపూరు విశ్వవిద్యాలయం ఆశ్రయమిచ్చింది. తరువాతి కాలంలో భారత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు కూడ ఆ విధంగా నాగపూరు వెళ్ళి చదువుకొన్నవారే. ఒకచోట మూసిన తలుపు మరొకచోట తెరచుకొనకపోయినట్లయితే వారి గతి ఏమై ఉండేదో ఆలోచింపదగినది.

చదువులు విడిచి రమ్మని పిలిచిన గాంధీజీయే, తమ నిర్మాణ కార్యక్రమం అనే గ్రంథపు 1945 నాటి ప్రతిలో విద్యార్థులకు కొన్ని నియమాలు సూచించారు. విద్యార్థులు పార్టీ రాజకీయాలలో పాల్గొనరాదనీ, రాజకీయ సమ్మెలకు దిగరాదనీ వారి అభిప్రాయం. తమతో ఏకీభవించని తోటివారిపై బలప్రయోగం ఎంతమాత్రం కూడదన్నారు. జాతీయపతాక చిహ్నాన్ని ఎవరికి వారు తమ దుస్తులపై ధరించవచ్చునేగాని, ఇతరులను ధరించమని నిర్బంధించరాదనీ, వందేమాతరాన్ని ఇతరులపై రుద్దరాదనీ స్పష్టం చేశారు. 1907 నాటి బ్యాడ్జీ కథకు ఈ నియమం చక్కని వ్యాఖ్యానం వలె ఉన్నది. బ్యాడ్జీ ధరించకూడదని శాసించడం ఎంత తప్పో, ధరించి తీరవలెనని తోటి విద్యార్థిని బెదిరించడం కూడ అంతే తప్పు. రెండింటిలోనూ మరొకరి మనస్సాక్షిపై పెత్తనం చేయడమే ఉన్నది.

అయితే గాంధీజీ 1920లో చెప్పినదానికీ, తరువాత చెప్పినదానికీ పొందిక లేదని కొందరు అనవచ్చు. పరపాలనలో మాట చెప్పుకొనే వేదికలు కరవు. ఓటు లేదు. చట్టసభలలో ప్రజల గొంతు వినిపించదు. అటువంటి వేళ కళాశాలయే వేదిక అయింది. స్వతంత్ర దేశంలో పద్ధతులు వేరు. పత్రికలున్నాయి, న్యాయస్థానాలున్నాయి, 18 ఏళ్ళు నిండినవారికి ఓటు ఉన్నది. అయినా అన్యాయం కళ్ళెదుట జరిగినప్పుడు, యువకుని హృదయం స్పందించకుండా ఉండదు. స్పందించవద్దని శాసించడం వలన ప్రయోజనం లేదు. ఎట్లు స్పందించాలో నేర్పడమే విద్య.

ఆ విద్యకు హరిసర్వోత్తమరావు జీవితం ఒక మంచి పాఠం. ఆయన దేనిని వ్యతిరేకిస్తున్నారో, ఎందుకు వ్యతిరేకిస్తున్నారో తెలుసుకొన్న తరువాతనే బ్యాడ్జీ ధరించారు. స్నేహితులందరూ పోతున్నారు గనుక పోదామనుకొన్న మనిషి కాదు. తన నిరసనకు మూల్యాన్ని తానే చెల్లించారు. వీధిలో పోయే బాటసారి చేతగాని, తోటి విద్యార్థి చేతగాని చెల్లింపజేయలేదు. ఒక్కనాటి ఉద్రేకంతో ఆగిపోక, ఆ నాడు పలికిన మాటకు తరువాతి 53 సంవత్సరాలు కట్టుబడి పనిచేశారు. చదువు మానడం ఆయన దృష్టిలో దేశసేవ కాదు. కళాశాల ఆయనను వెళ్ళగొట్టింది. ఆయన మాత్రం చదువును వెళ్ళగొట్టలేదు. కారాగారం తరువాత కూడ పుస్తకమే ఆయనకు ఆయుధం.

ఇంత చెప్పినా, విద్యార్థులు నిరసనలలో పాల్గొనవచ్చునా అన్న ప్రశ్నకు అందరికీ, అన్ని వేళలకూ సరిపోయే సమాధానం ఈ జీవితంలో దొరకదు. గోఖలే చెప్పిన జాగ్రత్త అవసరమే. రాజమహేంద్రవరం విద్యార్థులు చూపిన ధైర్యమూ అవసరమే. ఏది ఎప్పుడు తగునో ఎవరికి వారు, పరుల ప్రేరేపణకు లోనుగాక, నిదానించి నిర్ణయించుకోవలసి ఉంటుంది. ఆ నిర్ణయం చేసే ముందు మూడు ప్రశ్నలు వేసుకొనడం మేలు. ఈ విషయం నాకు నిజంగా తెలుసునా? దీని భారాన్ని నేను మోయగలనా, లేక నా తల్లిదండ్రులపైనా తోటివారిపైనా మోపుతున్నానా? రేపు ఈ నినాదాలు ఆగిపోయిన తరువాత నేను చేయబోయే పని ఏది? మొదటి రెండు ప్రశ్నలకు 1907లోనే హరిసర్వోత్తమరావు వద్ద సమాధానం ఉంది. మూడవదానికి ఆయన జీవితమంతా సమాధానం.

గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1960 ఫిబ్రవరి 29న కన్నుమూశారు. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ఆమోదం పొందినది కూడ ఆ సంవత్సరమే. ఊరి గ్రంథాలయంలో ఏ విద్యార్థి అయినా నిశ్శబ్దంగా కూర్చుని పుస్తకం తిరగవేస్తున్నప్పుడు, ఒకనాడు కళాశాల గడప దాటి బయటికి నడిచిన 23 ఏళ్ళ యువకుడు అతనికి ఆ చోటు సిద్ధం చేసినవారిలో ఒకడని గుర్తుంచుకొంటే చాలు.

కఠిన పదాలు – అర్థాలు

బీజావాపం : విత్తనం నాటడం
అగ్రగణ్యులు : మొదట లెక్కింపదగినవారు
పణం : పందెంగా ఒడ్డినది
ఇతివృత్తం : కథావస్తువు
తండోపతండాలుగా : గుంపులు గుంపులుగా
తెనిగించు : తెలుగులోకి మార్చు
బహిష్కృతుడు : వెలివేయబడినవాడు
ప్రభృతులు : మొదలైనవారు
మూల్యం : వెల
వయోజనులు : వయస్సు వచ్చినవారు, పెద్దలు

ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. రాజమహేంద్రవరం వందేమాతరం సంఘటనను, అది హరిసర్వోత్తమరావు జీవితంపై చూపిన ప్రభావాన్ని వివరించండి.
2. విద్యార్థులు రాజకీయ నిరసనలలో పాల్గొనడంపై గోఖలే, గాంధీజీల అభిప్రాయాలను పాఠం ఆధారంగా చర్చించి, మీ అభిప్రాయం తెల్పండి.

II. క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. హరిసర్వోత్తమరావు బాల్యాన్ని, విద్యాభ్యాసాన్ని గూర్చి వ్రాయండి.
2. రాజమహేంద్రవరం, కాకినాడ సంఘటనల మధ్య గల భేదమేమి?
3. స్వరాజ్య పత్రికపై ప్రభుత్వం ఎందుకు ఆగ్రహించింది?
4. గ్రంథాలయోద్యమానికి హరిసర్వోత్తమరావు చేసిన సేవ ఎట్టిది?